తప్పు చేయడానికి వీల్లేని ఆట

యువతరం చెడిపోయిందని ఫిజీ దేశంలోని లౌటోకా తెలుగు సంస్కార సమాజం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని హిందీలో చర్చించారు, ఇంగ్లీషులో రాసుకున్నారు, చివర తెలుగు తల్లికి జై కొట్టారు. రామనవమి భజన జరిగినంతసేపూ పిల్లలు ఫోన్లలో తలలు దూర్చి కూర్చోవడమే ఇందుకు సాక్ష్యం. పెద్దల చేతుల్లోనూ ఫోన్లున్నాయి గాని, వారు భజనను వీడియో తీస్తున్నారు. పిల్లల్ని ఫోన్లోంచి బయటికి లాగడం మనవల్ల కాదని అనుభవంలో తేలిపోయింది గనుక, సంస్కారాన్నే ఫోన్లోకి పంపిద్దామని అధ్యక్షుడు యోగేంద్ర ప్రతిపాదించాడు. ఆయన రిటైరైన వకీలు. ప్రత్యర్థి ఎక్కడుంటే అక్కడికే వెళ్ళి ఓడిపోవడం ఆయనకు అలవాటే.

ఆట తయారుచేసే పని శోభనకు అప్పగించారు. శోభన పుట్టి పెరిగింది నాందీ పట్నం పక్కన నవాకా చెరకు తోటల్లో, ఉద్యోగం రాజధాని సువాలో, కంప్యూటర్ ముందు. అంతకుముందు సరదాగా ఒక ఆట చేసింది. అందులో ఒక ఎండ్రకాయ సముద్రపు రాళ్ళమీద గెంతుతూ పోతుంది. ఆస్ట్రేలియాలో ఎవరో పెట్టిన పోటీలో దాని పేరు ఒకసారి ప్రస్తావనకు వచ్చింది. సమాజం వార్తాపత్రికలో అది ప్రథమ బహుమతిగా అచ్చయింది.

ఇలాంటివాటిని ప్లాట్‌ఫారం ఆటలంటారని శోభన కార్యవర్గానికి వివరించింది. కార్యదర్శి సతేంద్ర అది చెరకు రైలు సంగతనుకుని ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకొచ్చాడు. వృథా పోకూడదని దాన్నే చదివాడు. తర్వాత శోభన అసలు విషయం చెప్పింది: ఈ ఆటలో ఒక మనిషి పరిగెత్తుతాడు, ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు దూకుతాడు, జారితే చస్తాడు, చచ్చి మళ్ళీ పుడతాడు. పునర్జన్మ ఉంది గనుక ఇది మన సంప్రదాయానికి దగ్గరగా ఉందని సాంస్కృతిక కార్యదర్శి మోహిని సంతోషించింది.

శోభన మనస్ఫూర్తిగా పనిచేసింది. గిర్మిట్ అనే ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఫిజీకి వచ్చిన పూర్వీకుడే ఆమె కథానాయకుడు. ఓడ తాళ్ళ మీంచి పీపాల మీదికి, చెరకు బళ్ళ మీంచి మిల్లు చక్రాల మీదికి దూకుతాడు. దూకడం ఒక్కటే కాదు, దారి చీలినచోట ఆటగాడు నిర్ణయం తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద చీలిక చెరకు తోటలో ఉంది. జబ్బుపడ్డ ఒక ఆడకూలీని పనిలోకి ఈడ్చుకుపోకుండా తోటివాడొకడు చెరకు మధ్య దాచిపెడతాడు. కూలీల మీద పెత్తనం చేసే సర్దార్ కర్ర పట్టుకొచ్చి ఆమె ఎక్కడుందని ఆటగాణ్ణి అడుగుతాడు. తెర మీద రెండు బటన్లు వస్తాయి: చెబుతాను, చెప్పను. చెబితే దారి సులువు, కర్ర చేతికొస్తుంది, మెట్లు వెడల్పవుతాయి. చెప్పకపోతే దెబ్బలు, జైలు, జారిపోయే ఇరుకు మెట్లు. ఎవరు ఏ దారిలో పోయారన్నదాన్ని బట్టి ముగింపులు వేరువేరు.

ఈ కథ శోభన కల్పించింది కాదు. చిన్నప్పుడు నాయనమ్మ బాలమ్మ చెప్పింది. దాచినవాడు తన ముత్తాత వీరస్వామి అని శోభనకు ఎప్పటినుంచో గర్వం. ఆ గర్వంతోనే ఆట చేసింది.

కార్యవర్గం ఆటను చూసి ఎంతో మెచ్చుకుంది, కొద్దిపాటి సవరణలు సూచించింది. నాయకుడు చిరిగిన పంచెతో ఉండడం మొదటి లోపం. యోగేంద్ర తాత ఊళ్ళో జమీందారు, సముద్రం చూడాలని ముచ్చటపడి ఓడెక్కాడు. సతేంద్ర తాత కరణం, ఎవరినో సాగనంపడానికి వచ్చి ఓడలోనే నిద్రపోయాడు. మోహిని పూర్వీకులు పండితులు, తోటివారికి పురాణం చెప్పడం కోసమే వచ్చారు. ఆ విధంగా ఓడ నిండా పెద్దమనుషులే వచ్చినట్టు తేలింది. మరి చెరకు నరికిందెవరన్న ప్రశ్న ఎజెండాలో లేదు. నాయకుడికి పట్టు తలపాగా చుట్టారు.

సర్దార్లలో మనవాళ్ళూ ఉండేవారు గనుక సర్దార్‌ను మనిషిలా చూపడం బాగుండదన్నారు. తెల్లవాడిగా చూపిస్తే రాయబార కార్యాలయం నొచ్చుకుంటుంది, ఇంకెవరిగా చూపించినా దేశంలో గొడవలవుతాయి. చివరికి శోభన పాత ఆటలోని ఎండ్రకాయకు టోపీ పెట్టి ఆ ఉద్యోగమిచ్చారు. ఎండ్రకాయ ఏ జాతికీ చెందదు గనుక ఎవరి మనోభావాలూ దెబ్బతినవు.

ఇక బటన్ల సంగతి. మనవాళ్ళు చాడీలు చెప్పే రకం కాదు గనుక ‘చెబుతాను’ అన్న బటన్ చరిత్రకు విరుద్ధమని సతేంద్ర అన్నాడు. బటన్ ఉంటే పిల్లలు నొక్కుతారని, నొక్కితే నేర్చుకుంటారని మోహిని భయపడింది. శోభన లేచి నిలబడింది. తప్పు చేసే వీలుంటేనే ఒప్పుకి విలువ అంది, మన పెద్దల్ని బొమ్మలుగా చేయకండి అంది, నిజాన్ని చూసి భయపడే జాతి బాగుపడదని కూడా అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత యోగేంద్ర తన వకీలు తెలివితో రాజీ కుదిర్చాడు.

“బటన్లు రెండూ ఉంటాయి బేటీ. ఎంచుకునే హక్కు ప్రజాస్వామ్యం. మనం దాన్ని ముట్టుకోం. రెండింటి మీదా ‘చెప్పను’ అని రాయి.”

ఆ విధంగా ఆటగాడికి సంపూర్ణ స్వేచ్ఛ దక్కింది. ఎడమ పక్క నుంచి చెప్పకుండా ఉండవచ్చు, కుడి పక్క నుంచీ చెప్పకుండా ఉండవచ్చు. ముగింపుల్ని కూడా అలాగే క్రమబద్ధీకరించారు. ఎటు పోయినా చివర నాయకుడి మనవడు సమాజం అధ్యక్షుడై జ్యోతి వెలిగిస్తాడు.

శోభన తలూపి బయటికి వచ్చింది. లోపల మాత్రం నిశ్చయించుకుంది. కార్యవర్గానికి వాళ్ళ ఆట చూపిస్తుంది, విడుదల రోజున తన ఆటనే వదులుతుంది. రెండూ ఆమె కంప్యూటర్‌లో సిద్ధంగా ఉన్నాయి. ఇంత పెద్ద కార్యవర్గంలో వెన్నెముక ఉన్నది తనొక్కర్తికే అనుకుంటే ఆమెకు కాస్త హాయిగా కూడా అనిపించింది.

ఆటకు తెలుగు గొంతు కావలసి వచ్చింది. సమాజంలో తెలుగు పట్ల భక్తి ఎక్కువ, అందుకని దాన్ని రోజూ వాడి అరగదీయరు. మోహిని ప్రయత్నించింది గాని, ‘నమస్కారం’ దగ్గరే దారి తప్పింది. శోభన నవాకా వెళ్ళింది. బాలమ్మ ఒకప్పుడు భజన మండలి బళ్ళో అక్షరాలు నేర్చింది, ఎనభై దాటినా కళ్ళజోడు పెట్టుకుని ఇంకా చదువుతుంది. వరండాలో చాప మీద కూర్చుని, తాగుతున్న యంగోనా వేరు కషాయం గిన్నె పక్కకి జరిపి, మనవరాలు చూపించిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే మైకులో చదివింది. చెరకు తోటలో చీలిక దగ్గర మాత్రం ఆగింది.

“ఇది మునియ్య కథ కదా” అంది.

మునియ్య అంటే యోగేంద్ర తాత. శోభన నవ్వింది. “కాదు అవ్వా, మన వీరస్వామి తాత కథ. ఆయనే కదా ఆమెను దాచింది?”

“నీకు ఎవరు చెప్పినారు?”

“నువ్వే. చిన్నప్పుడు.”

“దాచినోడు ఒకడు, చెప్పినోడు ఒకడు అని చెప్పినా. పేరు నువ్వు పెట్టుకున్నావ్.” బాలమ్మ కళ్ళజోడు తీసి ఒడిలో పెట్టుకుంది. “దాచింది మునియ్య. చెప్పింది మా మామ, మీ వీరస్వామి. సర్దార్ అడగనే లేదు. ఈయనే పోయి చెప్పినాడు.”

శోభన రికార్డింగ్ ఆపడం కూడా మర్చిపోయింది. తర్వాతేమైందో బాలమ్మ తీరిగ్గా చెప్పింది. మునియ్యను చావగొట్టి జైల్లో వేశారు. ఆ జబ్బుమనిషిని ఈడ్చుకుపోయి చెరకు నరికించారు, ఆమె కూలీలుండే లైన్ల గదుల్లోనే చచ్చిపోయింది. వీరస్వామికి సర్దార్ కర్ర ఇచ్చారు. గిర్మిట్ ముగిశాక మంచి నేల చూసి లీజు కూడా ఇచ్చారు.

“ఆ నేల మీది గన్నాతోనే మీ బాప్ చదివినాడు, నువ్వు చదివినావ్” అంది బాలమ్మ.

“మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?”

“చెప్పేది ఏముంది. అప్పుడు నవాకాలో అందరికీ తెలుసు. తెలిసినోళ్ళు పోయినారు, ఖాలీ నేను ఒక్కదాన్నే మిగిలినా.” మనవరాలి మోకాలి మీద చెయ్యి వేసింది. “నువ్వు ఆటలో పెట్టినావు కదా, మంచి పని చేసినావ్. పేర్లు కూడా పెట్టు. మునియ్య పేరు ఎవరూ తలవలేదు.”

పెడతానని శోభన మాటిచ్చింది. మాటిచ్చేటప్పుడు నిజంగానే ఇచ్చింది.

సువా బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సింగతోకా ఊరు దాటేవరకు లెక్కలు వెనక్కి వేసుకుంటూ పోయింది. నాన్న స్కూలు, తన కాలేజీ, చేతిలో ఉన్న కంప్యూటర్, అన్నీ పోయి పోయి ఒక ఆడమనిషి దాక్కున్న చెరకు గుబురు దగ్గర ఆగుతున్నాయి. సింగతోకా దాటాక మనసు కుదుటపడి, విషయాన్ని నిష్పక్షపాతంగా పరిశీలించడం మొదలుపెట్టింది. అసలు ఆ కాలపు పరిస్థితుల్ని ఈ కాలపు కొలతలతో కొలవవచ్చా? పోయినవారి పరువు తీసే హక్కు ఉన్నవారికి ఉందా? మోహిని అన్నదాంట్లో కూడా సబబు లేకపోలేదు, పిల్లలు బటన్ చూస్తే నొక్కుతారు. కార్యవర్గం దూరదృష్టిని తాను అర్థం చేసుకోలేకపోయిందని నావువా దగ్గర ఆమెకు తట్టింది. బస్సు సువా చేరేసరికి ఆమె కార్యవర్గం కంటే ఒక మెట్టు పైనే ఉంది.

ఆ వారంలో యోగేంద్ర ఫోన్ చేశాడు. అవ్వ మా తాత గురించి ఏమైనా చెప్పిందా అని ఆశగా అడిగాడు.

“చాలా ధైర్యవంతుడని చెప్పింది అంకుల్.”

“ఉండదా మరి. జమీందారు కదా.” ఆయన గొంతు మెత్తబడింది. “నేను చూడలేదు ఆయన్ని. వీపంతా మచ్చలుండేవని మా నాన్న అనేవాడు. గుర్రపు స్వారీలో పడ్డాడట.”

శోభన ఒక్క వాక్యం చెబితే చాలు. ఆ వాక్యం నాలుక మీదికి వచ్చింది కూడా. చెబితే ఆ ముసలాయనకు బతికినన్నాళ్ళూ గర్వపడదగ్గ తాత దొరుకుతాడు, తనకు ఉన్న తాత పోతాడు.

“అయ్యుండవచ్చు అంకుల్” అంది.

ఆ సాయంత్రమే తన ఆటను కంప్యూటర్‌లోంచి తుడిచేసింది. ఫోన్లలో చోటు చాలదు గనుక సాంకేతిక కారణాల వల్ల అని తనకు తానే చెప్పుకుంది. బాలమ్మ గొంతు మాత్రం ఉంచింది. అంత చక్కటి తెలుగు ఇంకెక్కడా దొరకదు.

గిర్మిట్ దినం నాడు లౌటోకా హాల్లో ఆట విడుదలైంది. సహాయ మంత్రిగారు ముఖ్య అతిథి. తెర ముందు నిలబడి ఎడమ బటన్ నొక్కారు, మంచివారని తేలింది. కుడి బటన్ నొక్కారు, మళ్ళీ మంచివారే. ఏది నొక్కినా ఫలితం ఒకటే కావడం దేశ సుస్థిరతకు శుభసూచకమని వారు ప్రసంగించారు. ఎన్నికైన ప్రభుత్వాలను తిరుగుబాట్లతో కూలదోసి దేశం ఈ ప్రయోగం ఒకటికి నాలుగుసార్లు చేసి చూసిన సంగతి సభికులకు గుర్తొచ్చింది గాని, సభామర్యాద పాటించి చప్పట్లు కొట్టారు. యోగేంద్ర తెలుగు భాష తీయదనం గురించి హిందీలో చాలాసేపు మాట్లాడి, ఆటకు గొంతునిచ్చిన బాలమ్మను వేదిక మీదికి పిలిచాడు.

బాలమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. హాలు మొత్తంలో తెర మీది అక్షరాలు చదవగలిగింది శోభన కాక ఆమె ఒక్కతే. ఎండ్రకాయ వచ్చి అడిగింది. బాలమ్మ ఒక బటన్ చదివింది, రెండోది చదివింది, ఇంకెక్కడైనా ఉందేమోనని తెర చివరిదాకా చూసింది. మైకు అందుకుని, అందరికీ అర్థమయ్యే హిందీలో, ఈ కథ ఇలా లేదంది. ఆ మనిషిని దాచి జైలుకు పోయింది మునియ్య, పోయి చెప్పింది తన మామ వీరస్వామి అంది. మాట తడబడలేదు.

హాలు బిగుసుకుపోయింది. జైలు అన్న మాట వినగానే యోగేంద్ర ముఖం మాడిపోయింది. తన తాతకు ఇంత మంది ముందు ఇంత అవమానం జరుగుతుందని ఆయన ఊహించలేదు. మైకు దగ్గరికి వచ్చి శోభన వైపు తిరిగాడు.

“బేటీ, నీకు తెలుసు కదా. అవ్వ చెప్పేది నిజమా?”

అందరూ శోభన వైపు చూశారు, బాలమ్మ కూడా. ఆమె చూపులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది, బడి పిల్ల జవాబు చెప్పబోతుంటే చూసినట్టు.

“అవ్వకి ఈమధ్య మతిమరుపు వచ్చింది అంకుల్” అంది శోభన. నవ్వుతూనే అంది. “పేర్లు కలిసిపోతున్నాయి.”

హాలు ఊపిరి పీల్చుకుంది. పాపం, పెద్ద వయసు అని మోహిని అంది. మంత్రిగారు లేచి వృద్ధురాలికి నమస్కరించారు. ఫోటోలు తీశారు. బాలమ్మ మైకు ఇచ్చేసి, మనవరాలి పక్కకు వచ్చి నిలబడి, ఆమెకు మాత్రమే అర్థమయ్యే తెలుగులో మెల్లగా అడిగింది.

“మా మామకి కర్ర ఇచ్చినారు. నీకు ఏమి ఇస్తారు?”

శోభనకు శాలువా కప్పారు. పట్టుది, జరీ అంచుతో.

ఆట ఇప్పుడు సువా నుంచి సావుసావు దాకా పిల్లల ఫోన్లలో ఉంది. ఇంతవరకు ఆడినవారిలో ఒక్కరు కూడా చెడ్డపని చేయలేదని సమాజం తన వార్షిక నివేదికలో సగర్వంగా ప్రకటించింది. ఈ ఫలితాలు తమ పూర్వీకుల స్వభావానికి శాస్త్రీయమైన రుజువని కూడా అందులో ఉంది. ఆట ఉచితం, తెలుగు రాకపోయినా ఫరవాలేదు. సందేహం ఉంటే మీరూ ఒకసారి ఆడి చూడండి, మీ తాతగారు కూడా జమీందారేనని తేలిపోతుంది.