నాలుగో వరస ప్లాటు

మంచు కరగాలి. అంటార్కిటికాలో కరగాలి, గ్రీన్‌లాండ్‌లో కరగాలి, వీలైతే ఈ నెలాఖరు లోపలే కరగాలి!

ఇలా అన్నందుకు నన్ను తిట్టుకునే పాఠకులు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. ఈ దేశంలో మధ్యతరగతి మనిషికి ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా, ఏ ఆఫీసు చుట్టూ తిరగకుండా, ఉన్నచోట ఉండగానే ప్రమోషన్ ఇచ్చేది ఇంకేదైనా ఉందా? నాకు తెలిసి లేదు. మంచు ఒక్కటే ఉంది. నమ్మకపోతే మా ఇంటి ఓనరు నాగేశ్వరరావు గారిని అడగండి.

నాగేశ్వరరావు గారిది నంద్యాలలో పప్పుల హోల్‌సేల్ అంగడి. ఇల్లు మూడంతస్తులు. కింద మేము అద్దెకుంటాం. మధ్యలో ఆయన, ఆయన భార్య మహానందమ్మ గారు. పై పోర్షన్ చాలాకాలంగా ఖాళీ. గేటుకు కట్టిన టులెట్ బోర్డు సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా వేలాడుతుంటుంది. పోపు వేసేటప్పుడల్లా దాన్నే చూస్తుంటాను.

దేవుడు ఆయనకు అన్నీ ఇచ్చాడు, సముద్రం తప్ప. నంద్యాలకు రైలుంది, బియ్యం మిల్లులున్నాయి, ఈమధ్య జిల్లా కూడా వచ్చింది. జిల్లా ఇచ్చినప్పుడే సముద్రం కూడా అడిగి ఉండాల్సింది. ఎవరికీ తట్టలేదు.

మంచు కరిగితే సముద్రం పెరుగుతుందని టీవీలో విన్న రోజు ఆయన రైల్వే స్టేషన్‌కు వెళ్ళారు. ప్లాట్‌ఫాం చివర పసుపు బోర్డు మీద, ఊరి పేరు కింద, సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామో రాసి ఉంటుంది కదా. దాదాపు రెండు వందల మీటర్లు. భూమ్మీద ఉన్న మంచంతా కరిగినా సముద్రం డెబ్బై మీటర్లకు మించి లేవదని శాస్త్రవేత్తలు అంటారు. అదీ వందల, వేల ఏళ్ళకు. అంటే ఎంత కరిగినా మనదాకా రాదు. ఈ విషయంలో కూడా రాయలసీమకు అన్యాయమే జరిగింది!

ఆయన ఊరుకునే మనిషి కాదు. సముద్రం మన దగ్గరికి రాకపోతే మనమే దాని దగ్గరికి పోదామని నెల్లూరు వైపు ఒక తీర గ్రామంలో ప్లాటు చూశారు. అక్కడ అజయ్ కుమార్ అనే బ్రోకర్ ప్లాన్ పరిచి, వరసలు చూపించాడట.

"మొదటి వరస ఇప్పుడు నీళ్ళలో ఉంది సార్. చూపించలేను. రెండో వరస రేటు ఎక్కువ. మూడో వరసలో ఊరివాళ్ళ ఇళ్ళున్నాయి. మీరు నాలుగోది తీసుకోండి. రేటు నాలుగో వరసది, ఫ్యూచర్ మొదటి వరసది."

వేరే వ్యాపారి అయితే ఈ మాటకు లేచి వచ్చేసేవాడు. కానీ ఈయన పప్పుల వ్యాపారి. కందులు చవగ్గా ఉన్నప్పుడు కొని గోడౌన్‌లో వేసి, ధర లేచేదాకా ఓపికగా కూర్చోవడం ఆయనకు తాతల నాటి నుంచి వచ్చిన విద్య. సముద్రాన్ని కూడా అలాగే నిలవ పెట్టవచ్చని ఆయనకు ఇట్టే అర్థమైంది. కొనేశారు.

పరిజ్ఞానం పంచుకోవాలి కదా అని ఒకరోజు ఆయనకు నేను రెండు గ్లాసుల ప్రయోగం చేసి చూపించాను. మొదటి గ్లాసులో అంచు దాకా నీళ్ళు, అందులో తేలే ఐసు ముక్క. కరిగింది. చుక్క కూడా ఒలకలేదు. రెండో గ్లాసు నిండా నీళ్ళు పోసి, పైన టీ జల్లెడ పెట్టి, జల్లెడలో ఐసు ఉంచాను. కరిగే కొద్దీ నీళ్ళు పొర్లి గట్టు తడిసింది.

"సముద్రంలో తేలే మంచు కరిగితే మట్టం అంతగా పెరగదండీ. నేల మీద పేరుకున్న మంచు కరిగి వచ్చి కలిస్తేనే పెరుగుతుంది. పైగా నీళ్ళు వేడెక్కితే వాటంతట అవే కొంత ఉబ్బుతాయి. మంచినీళ్ళు ఎక్కువగా కలిస్తే ఉప్పు పలచనై లోపలి ప్రవాహాలు కూడా నెమ్మదిస్తాయంటున్నారు. ఇక మట్టం కాస్త పెరిగిందంటే తుఫాను అల ఇంకాస్త లోపలికొస్తుంది" అన్నాను.

ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. తడిసిన గట్టును వేలితో కొలిచినట్టు చూశారు.

"అంతా బాగుండాది గానీ అమ్మా, నాలుగో వరస కాడికి ఎన్నేండ్లకు వస్తాది?"

"నాలుగో వరసకు వస్తే మీ ప్లాటు కూడా పోతుంది కదండీ?"

"పోయేదాకా ఎవరు పెట్టుకుంటారమ్మా? పురుగు పట్టకముందే అమ్ముతాం గదా."

చూశారా? వాతావరణ మార్పు మీద ఎన్నో దేశాలు కూర్చుని తేల్చలేని విధానాన్ని ఒక పప్పుల వ్యాపారి ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

పోయిన వేసవిలో ప్లాటుకు హద్దురాళ్ళు పాతడానికి బయల్దేరుతూ, మహానందమ్మ గారికి తోడుగా నన్నూ రమ్మన్నారు. వెళ్ళాను. దారిలో ఆళ్లగడ్డలో ఆగి రాళ్ళు ఎక్కించుకున్నాం. శిల్పాల అంగడిలో ప్రత్యేకంగా చేయించిన నాలుగు రాళ్ళవి. ఒక్కో దాని మీద తామరపువ్వు, దాని కింద ఓనరు గారి పేరు. ఆ శిల్పి దుమ్ము పట్టిన కనుబొమలు ఎత్తి ఆయన్ను ఒకసారి చూశాడు.

"నీళ్ళల్లో కలిపేదానికి దేవుణ్ణి చేయిచ్చుకుంటారప్పా. పేరు చెక్కిచ్చుకునేటోణ్ణి నిన్నే చూస్తాండా."

"నీళ్ళల్లోకి గాదప్పా, నీళ్ళ పక్కకు."

"పక్కన నీళ్ళు ఊరికే ఉంటాయా?"

దీన్ని ఓనరు గారు శుభశకునంగా తీసుకున్నారు.

ప్లాటు చేరేసరికి ఎండ మండుతోంది. మూడో వరసలో ఒక రేకుల ఇంటి ముందు పందిరి ఉంటే దాని కింద కూర్చున్నాం. ఆ ఇంటావిడ పేరు ఎస్తేరు. ఎండుచేపలు అమ్ముతుంది. భర్త సామ్యేలు వేటకు పోతాడు. ఆమె చేపల గంపను అవతలికి జరిపి, చేతులు కడుక్కుని, మేమెవరమో అడక్కుండానే తాటి ముంజలు కొట్టి ఆకులో పెట్టింది.

"ఏ ఊరయ్యా మీది?"

"నంద్యాల తల్లీ."

"ఆడ సముద్రం ఉండాదా?"

"లేదు. అదే గదా మా బాధ."

"లేకపోతే బాధేందయ్యా?" ఆమె నవ్వింది. "అదుగో, ఆ పడవకు అవతల ఉన్నింది మా ఇల్లు. అది పోయినాక ఇవతల కట్టుకున్నాం. అదీ పోయినాది. ఇది మూడోది."

ఓనరు గారు ముంజ నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయారు. పడవ నుంచి పందిరి దాకా, పందిరి నుంచి తన హద్దురాళ్ళ దాకా చూపుతోనే కొలిచారు. ఆ ముఖంలో అంత వెలుగు నేను కందుల ధర లేచిన రోజున కూడా చూడలేదు.

"ఇన్నావా, ఎంత జోరుగా వస్తాందో" అన్నారు భార్యతో.

మహానందమ్మ గారు వినలేదు. ఆ ఇంటి గోడకు కింద మోకాలెత్తు వరకు ఉప్పు పొర కట్టి ఉంటే దాన్నే చూస్తున్నారు.

బయల్దేరేటప్పుడు ఓనరు గారి మనసు నిండిపోయింది. మన వైపు ఎవరింట్లోనైనా చేయి తడిస్తే, లేచేటప్పుడు "మా ఊరికి రండి" అనకుండా లేవం కదా. ఆయన ఇంకొంచెం ముందుకు పోయారు.

"నంద్యాలకు వస్తే మా ఇంటికి రావల్ల తల్లీ. పై పోర్షను ఖాళీగానే ఉండాది. మిల్లుల్లో పని యాడికీ పోదు. మీ ఆయనకు నేను చెప్తా."

ఇలాంటి మాటలు అనడానికే గానీ పట్టుకుని రావడానికి కాదని మనకు తెలుసు. సముద్రం పక్కన బతికేవాళ్ళకు ఆ తేడా తెలియదు. వస్తానన్నది తప్పకుండా రావడమే వాళ్ళు చూశారు మరి.

వానాకాలం చివర్లో తుఫాను వచ్చింది. తెల్లవారేసరికి ఓనరు గారి ఫోన్‌కు అజయ్ కుమార్ ఫొటో పంపాడు. "కంగ్రాట్స్ సార్. సెకండ్ రో, థర్డ్ రో రెండూ క్లియర్. మీరే ఫస్ట్ రో."

ఒకే రాత్రిలో డబుల్ ప్రమోషన్! ఏ ప్రభుత్వ ఉద్యోగికైనా దక్కిందా? ఓనరు గారు వీధంతా మైసూర్‌పాకు పంచారు. మా ఇంటికీ నాలుగు ముక్కలు వచ్చాయి. ఫొటో నాకూ చూపించారు. ఒక మూల తామరపువ్వు రాయి నిక్షేపంగా ఉంది. దాని ముందు ఉండాల్సిన పందిరి లేదు.

"ఆ యమ్మ ఏమైనాదో కనుక్కున్నావాయ్యా?" అని మహానందమ్మ గారు అడిగారు.

"వాళ్ళకు అలవాటే. ఎనక్కి జరిగి కట్టుకుంటారు."

ఎనక్కి జరగడానికి చోటేదీ? వెనక ఉన్నది ఈయన ప్లాటే కదా. కానీ శుభవార్త నోట్లో కరుగుతున్నప్పుడు ఇలాంటివి అడగకూడదు.

తర్వాతి వారమే, నేను కిటికీ దగ్గర చింతపండు పిసుకుతుంటే గేటు చప్పుడైంది. ఎస్తేరు, సామ్యేలు. రెండు గోతాలు, ఒక సత్తు బిందె. ఓనరు గారు అంగడికి పోబోతూ మెట్ల మీదే ఆగిపోయారు.

"అయ్యా, బాగుండారా? రమ్మంటిరి గదా, వచ్చేసినాం" అన్నది ఎస్తేరు.

"రా తల్లీ, రా. కాఫీ తాగుతారా?"

కాఫీ వచ్చింది. గేటు దగ్గరే తాగారు. తాగినాక ఆమె పైకి చూసింది.

"పైన ఖాళీ అంటిరి. అద్దె అందరిచ్చినట్టే ఇస్తామయ్యా."

"అయ్యో. నిన్ననే మా బామ్మర్ది అడిగినాడు తల్లీ. ఇచ్చేస్తిమి."

"బోర్డుండాదే?"

"తీసేది మరిసిపోయినాం."

మరిచిపోయిన మాట నిజమని నిరూపించడానికి ఆయన మా ఇంట్లోంచే స్టూలు అడిగి తెచ్చుకుని, స్వయంగా ఎక్కి, బోర్డు విప్పి చంకలో పెట్టుకున్నారు. ఎప్పుడూ పనివాణ్ణి కేకేసే మనిషి. మహానందమ్మ గారు లోపలికి పోయి స్టీలు క్యారియర్‌లో అన్నం, పప్పు పెట్టి తెచ్చి ఎస్తేరు చేతికిచ్చారు. వాళ్ళు వెళ్ళాక భర్త వైపు తిరిగారు.

"మా తమ్ముడు ఎప్పుడు అడిగినాడయ్యా? ఆళ్లగడ్డ ఇడిచి ఒక్క పూట ఉండడు గదా వాడు."

ఓనరు గారు నా కిటికీ వైపు చూశారు. తీర్పు చెప్పమన్నట్టు.

"నువ్వే చెప్పమ్మా. ఎండుచేపల వాసన గోడలకు పడితే పోతాదా? రేపు వేరే వాళ్ళు వస్తారా? సముద్రం అంటే నాకూ ఇష్టమే గానీ, దేని జాగాలో అది ఉండల్ల."

నేను చింతపండు పిసుకుతూ, పై పోర్షన్ వాళ్ళకే ఇవ్వమని అడిగాను. బోర్డు ఎప్పుడంటే అప్పుడు పై అంతస్తుకే కాదు, మేముండే కింది అంతస్తుకు కూడా కట్టవచ్చని ఆయన చాలా మర్యాదగా చెప్పారు. విజ్ఞానం పంచుకునే ఉత్సాహం నాకు అప్పుడే తగ్గింది.

క్యారియర్ తిరిగి ఇవ్వడానికి ఎస్తేరు మళ్ళీ వచ్చేసరికి బోర్డు యథాస్థానంలో ఉంది. వాళ్ళు వెళ్ళిన పూటే మళ్ళీ కట్టారు. ఆమె దాని కిందే నిలబడి కాసేపు చూసింది. కోపం లేదు. బాగా పరిచయమున్న దాన్ని చూసినట్టు చూసింది.

"మీ బోర్డుకు గూడా ఆటుపోట్లు ఉండాయే అయ్యా" అన్నది.

ఆయన క్యారియర్ గిన్నెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటున్నారు.

ఆ రోజు మా పాత చీరలతో బొంత కుట్టడానికి వచ్చిన మాబున్నీ వాకిట్లోనే కూర్చుని ఉంది. సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే మాట్లాడింది.

"మా పక్కన ఒక గది ఉండాది. కుందూ ఏటి ఒడ్డున. వానలకు నీళ్ళు గడప దాటి లోపలికి వస్తాయి. రెండు రోజులు మంచం మీద కూసోని వండుకోవల్ల. అట్లయితే సరేనా?"

ఎస్తేరు ఆలోచించింది.

"వచ్చిన నీళ్ళు మళ్ళీ ఎనక్కి పోతాయా?"

"పోతాయి."

"అయితే చాలు తల్లీ."

కాబట్టి పాఠకులారా, మళ్ళీ చెబుతున్నాను, మంచు కరగాలి. దాని వల్ల నష్టపోయింది ఎవరో చూపించండి. ఓనరు గారికి మొదటి వరస కాగితం మీద వచ్చింది. ధర ఇంకాస్త లేవాలని ఆగారు గానీ అమ్మలేదు. పోయిన అమావాస్య పోటుకు తామరపువ్వు రాయి ఒకటి వంగిందని అజయ్ కుమార్ ఫోన్ చేశాడు. ఎస్తేరుకు మా ఊళ్ళో కాలు పెట్టిన వారంలోపే, పైసా పెట్టుబడి లేకుండా, నీళ్ళకు ఎదురుగా మొదటి వరస దొరికింది. ఆమెకు అలవాటైన వరసే.

పై పోర్షన్ ఇంకా ఖాళీగానే ఉంది. మహానందమ్మ గారు ప్రతి శుక్రవారం పైకి వెళ్ళి దాన్ని ఊడ్చి, కడిగి, తాళం వేసి దిగివస్తారు. సముద్ర మట్టానికి రెండు వందల మీటర్లు, ఆ పైన రెండంతస్తులు. ప్రపంచంలో మంచంతా కరిగినా అక్కడికి నీళ్ళు రావు. కొళాయి విప్పి బకెట్‌తో ఆవిడ పోసేవే అక్కడి నీళ్ళు.