బేకరీ మలుపు

నగర రవాణా ప్రాధికార సంస్థ ఈ సంవత్సరపు ఉత్తమ చోదకుడిగా నన్ను ఎంపిక చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. తొమ్మిదేళ్లలో ఒక్క ప్రమాదం లేదు. బండి మీద ఒక్క గీత లేదు. ఒక్కసారి కూడా దారి తప్పలేదు. ఈ ఘనత మా టాక్సీ స్టాండులోని మిగతా మూడు వందల పన్నెండు మంది డ్రైవర్లకూ ఉంది గాని, వాళ్లెవరూ దాన్ని నా అంత సీరియస్‌గా తీసుకోలేదు. అందుకే అవార్డు నాకు వచ్చింది.

మా నగరం సంగతి మీకు తెలిసిందే. దీపాలు, తలుపులు, లిఫ్టులు, కార్లు అన్నీ కేంద్ర వ్యవస్థ చూసుకుంటుంది. మీరు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో మీకంటే ముందు దానికే తెలుస్తుంది. మొదట్లో కార్లను డ్రైవర్లు లేకుండానే వదిలారు. జనం ఎక్కలేదు. ఒక పెద్దాయన ఎక్కి, డ్రైవరు టీకి వెళ్లాడనుకుని, దిగకుండా నాలుగు గంటలు కూర్చున్నాడు. కారు ఆయన్ని ఊరంతా తిప్పి తెచ్చినా, "ఇంకా రాలేదేమిటి?" అని అడుగుతూనే ఉన్నాడట. దాంతో సంస్థ వారు ఉత్తర్వు జారీ చేశారు: మానవ హస్తం లేనిదే వాహనం కదలరాదు. అలా మమ్మల్ని మళ్లీ సీట్లలో కూర్చోబెట్టారు. క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం తీసేశారు. ఇది మా కాళ్లకు విశ్రాంతి పథకం. మేం ధన్యవాద సభ కూడా పెట్టాం.

స్టీరింగు ముందున్న తెర మీద, మలుపుకు రెండు సెకన్ల ముందు పచ్చ బాణం వస్తుంది. అది ఎటు చూపితే అటు తిప్పాలి. మామూలు డ్రైవరు బాణం చూసి తిప్పుతాడు. నేను బాణం రాకముందే తిప్పేవాణ్ని. కారు నా మనసెరిగి నడుచుకునేది. బాణం కుడికి చూపిస్తుండగా ఏమరుపాటున ఎడమకు తిప్పిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. అప్పుడు కూడా కారు కుడికే వెళ్లింది. నా చేతి కింద పనిచేసే బండికి ఎంత చక్కటి క్రమశిక్షణ అలవడుతుందో దాన్నిబట్టి గ్రహించాను.

హారను విషయంలో మాత్రం నగర ప్రజల మీద నాకు కాస్త కోపం ఉండేది. ఎంత మోగించినా ఒక్కరూ పక్కకు తప్పుకునేవారు కాదు. మా హారను కారు లోపల మాత్రమే వినిపిస్తుందని తర్వాత తెలిసింది. అంటే తొమ్మిదేళ్లు నేను మోగించినదంతా నా ప్రయాణికులే విన్నారన్నమాట. చాలా మర్యాదస్తులు.

నా ప్రతిభకు అసలు నిదర్శనం బేకరీ మలుపు. మా స్టాండు పక్కనే మూడు రోడ్లు కలిసే చోట బేకరీ వాళ్ల అరుగు రోడ్డు మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ ఎడమ మణికట్టు వదులుగా, కుడి మణికట్టు బిగువుగా ఉంచి, ఊపిరి బిగబట్టి, సగం తిరిగాక వదలాలి. ఊపిరినీ, చక్రాన్నీ. ఈ విద్యను కొత్తగా చేరిన వాళ్లకు రెండు పూటలు ఉచితంగా బోధించేవాణ్ని. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని పెదవులు కొరుక్కునేవారు. ఒకడికి కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. నాకు 'మణికట్టు మాస్టారు' అని పేరు పెట్టారు. నేను ఆ పేరుతో విజిటింగ్ కార్డులు వేయించుకున్నాను.

ఇంట్లో కూడా మణికట్లకు తగిన గౌరవం ఉండేది. అవి బెణికితే నగరానికి నష్టమని నేను నీళ్ల బకెట్ ఎత్తేవాణ్ని కాదు. మా ఆవిడే ఎత్తేది. సాయంత్రం నూనె రాసేది కూడా ఆవిడే. ఆవిడ చేతులు ఏ నగరానికీ అవసరం లేదు కదా.

సమస్యల్లా మా అమ్మాయితోనే. దానికి ఇరవై ఏళ్లు. స్టాండు వెనక సంస్థ వారి మరమ్మతుల షెడ్డులో నా బావమరిది మెకానిక్కు. ఖాళీ దొరికితే చాలు, వాడి పక్కన కూర్చుని పానాలు పట్టుకుని చేతులు నల్లగా చేసుకొచ్చేది. నాకు తల కొట్టేసినట్టుండేది. స్టీరింగు పట్టిన వంశంలో పుట్టి ఈ గ్రీజేమిటని తిట్టేవాణ్ని.

"మామయ్య దగ్గరే పనిచేస్తాను నాన్నా. అక్కడ బోల్టు బిగిస్తే బిగుసుకుంటుంది" అనేది.

చిన్నపిల్ల మాటలని కొట్టిపారేశాను.

పైగా అవార్డుతో పాటు వారసత్వ చోదక పథకం కూడా వర్తిస్తుంది. శుక్రవారం సభలో నేను ఒక కాగితం మీద సంతకం పెడితే, నా సీటు నా బిడ్డకు ముప్పై ఏళ్ల పాటు రాసిచ్చినట్టే. ఆ తర్వాత వద్దనడానికి వీల్లేదు. కన్నతండ్రిగా ఇంతకంటే ఏం చేయగలను? సంతకం కోసం సంస్థ వారు ముందుగానే ఒక బంగారు రంగు పెన్ను పంపారు.

బుధవారం మధ్యాహ్నం స్టాండులో నా బండిలోనే కూర్చుని సంతకం ప్రాక్టీసు చేస్తుండగా ఆ పెన్ను జారి నా కాళ్ల దగ్గర పడింది. తొమ్మిదేళ్లలో నేను ఆ వైపు వంగడం అదే మొదటిసారి. అవసరం రాలేదు, పొట్ట కూడా సహకరించేది కాదు. ఎలాగో తల దూర్చాను. స్టీరింగు కింద నుంచి ఒక వైరు వేలాడుతోంది. దాన్ని ముచ్చటగా చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేశారు. చివర ప్లగ్గుకు కొన్నప్పటి ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. పక్కన చిన్న చీటీ అతికించి ఉంది: 'అలంకార సామగ్రి. కదిలించవచ్చు.'

ముందు నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, వైరు లేకుండానే ఇంత బాగా నడిపానా అని. రెండో ఆలోచన, మరి ఇన్నాళ్లూ నడిపిందెవరు అని.

షెడ్డుకు పరిగెత్తి బావమరిదిని పట్టుకున్నాను. నా బండికి పెద్ద లోపం ఉందని, వెంటనే చూడమని చెప్పాను. వాడు కారు కింద నుంచి తల మాత్రం బయటపెట్టాడు.

"లోపం కాదు బావా. అన్ని బళ్లూ అంతే."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నీకు తప్ప అందరికీ. శిక్షణలో మూడో రోజు చెప్తారు. నువ్వు మూడో రోజు రాలేదు కదా. అమ్మాయికి గవదబిళ్లలని సెలవు పెట్టావు."

"తొమ్మిదేళ్లలో నువ్వైనా చెప్పొచ్చు కదరా!"

"చెబుదామనే మొదటివారం మీ ఇంటికొచ్చాను. అక్కయ్య నీ చేతులకి నూనె రాస్తోంది. నోరు రాలేదు" అని మళ్లీ కారు కిందికి వెళ్లిపోయాడు.

అవమానం సంగతి అలా ఉంచండి. శుక్రవారం నేను సంతకం పెడితే నా కూతురు ముప్పై ఏళ్ల పాటు చుట్టచుట్టిన వైరు పైన కూర్చుంటుంది. ఆ ఆలోచన వచ్చాక స్టాండుకు వెళ్లలేకపోయాను. నేరుగా సంస్థ కార్యాలయంలో ఎనిమిదో అంతస్తుకు వెళ్లి అర్జీల అధికారిని కలిశాను. స్టీరింగుకు వైరు కలపమని, వారసత్వ పథకంలో మా అమ్మాయి పేరు కొట్టేయమని వినయంగా మనవి చేసుకున్నాను.

ఆయన టేబులు మీద రెండే వస్తువులున్నాయి. ఆమోదానికి పచ్చ మీట, తిరస్కారానికి ఎర్ర మీట.

"చూడండి మాస్టారూ," అన్నారాయన కుర్చీలో వెనక్కి వాలి. "ఇరవై ఏళ్లుగా ఈ సీట్లో ఉన్నాను. ఈ నగరంలో నా వేలు పడనిదే గడ్డిపోచ కదలదు. ఎన్ని రాత్రులు నిద్ర పట్టదో మీకు తెలుసా? ఈ వేలు ఒక్క అంగుళం ఇటు పడితే ఒక కుటుంబం, అటు పడితే ఇంకో కుటుంబం. అధికారం అంటే భోగం కాదండీ, భారం."

తర్వాత కళ్లు మూసుకుని, ఆలోచించి, బొటనవేలు కొద్దిగా వంచి, మణికట్టు కదపకుండా ఎర్ర మీట నొక్కారు. ఆ నొక్కుడు చూసి నాలోని కళాకారుడు చలించిపోయాడు. నా చేతిలోని పెన్ను జారి ఆయన టేబులు కిందికి దొర్లింది.

వంగాను. ఎర్ర వైరు, పచ్చ వైరు ఒకే రబ్బరు బ్యాండులో ఉన్నాయి. చీటీ కూడా అదే.

లేచి నిలబడ్డాక ఆయన నా మొహం చూసి, నిర్ణయం బాధించిందా అని అడిగారు. లేదండీ, చాలా బాగా నొక్కారు అని చెప్పాను. ఆయన కళ్లు చెమర్చాయి. ఇరవై ఏళ్లలో ఆ మాట అన్న మొదటి పౌరుణ్ని నేనేనట.

ఇంటికి వచ్చి అమ్మాయిని కూర్చోబెట్టి, గుండె దిటవు చేసుకోమని చెప్పి, నిజం బయటపెట్టాను. అది గోళ్లలో గ్రీజు తీసుకుంటూ విన్నది.

"నాకు తెలుసు నాన్నా. పదకొండేళ్లప్పటి నుంచీ తెలుసు. నువ్వు తుమ్మితే రెండు చేతులూ మొహానికి పోతాయి. కారు మాత్రం మలుపు తిరిగేస్తుంది."

"మరి చెప్పలేదేమే?"

"నువ్వంత బాగా తిప్పుతుంటే ఎలా చెప్పను?"

సంతకం పెట్టనని మాటిచ్చాను. పెట్టకపోతే ఏమవుతుందని అడిగింది. వంద మందిలో కారణం చెప్పాల్సి వస్తుందని, తొమ్మిదేళ్ల పరువు పోతుందని, అయినా సరే చెప్తానని అన్నాను. అన్నాను గాని, గొంతు వినబడింది నాకే. నా హారనులాగా.

అది చేతులు తుడుచుకుని, "వైరు కలిపితే నువ్వు నిజంగా నడుపుతావా?" అంది.

ఎంత అవమానం! నేను లేచి నిలబడి, బేకరీ మలుపు నుంచి మొదలుపెట్టి నా విద్య అంతా మళ్లీ వివరించాను. మా ఆవిడ కూడా వచ్చి వింది. చెప్పడం పూర్తయ్యేసరికి నాకే నమ్మకం కుదిరింది.

శుక్రవారం సభ. ఆనవాయితీ ప్రకారం ఉత్తమ చోదకుడు అధికారిని ఎక్కించుకుని స్టాండు చుట్టూ మూడు చుట్లు తిప్పాలి, ఆ తర్వాత సంతకం. వెనక సీట్లో అర్జీల అధికారి, మా ఆవిడ. అధికారి ఒళ్లో అత్యవసర పరిస్థితుల కోసం చిన్న ఎర్ర మీట పెట్టె. నా పక్కన అమ్మాయి. జనం చప్పట్లు కొడుతున్నారు. నేను మణికట్లు తిప్పి సిద్ధమయ్యాను.

అమ్మాయి నా చెవి దగ్గరికి వంగింది. "నాన్నా, పొద్దున్న వైరు కలిపేశాను. నువ్వు తిప్పితే నీ మాట వింటుంది. ముట్టుకోకపోతే దాని దారిన అది పోతుంది."

బండి కదిలింది. పచ్చ బాణం వచ్చింది.

ఉత్తమ చోదకుణ్నయిన నేను రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి చుట్టు అలాగే పోయింది. రెండో చుట్టులో ఆ చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, అవి పొరపాటున ఏమైనా చేస్తాయేమోనని. వెనక నుంచి అధికారి నా పనితనాన్ని మెచ్చుకుంటూ, ఇంత కుదురైన ప్రయాణం తానెరుగనన్నారు.

అమ్మాయి నా మొహం చూడలేదు. తొడల కింద ఇరుక్కున్న నా చేతుల్నే చూసింది. మూడో చుట్టులో బేకరీ మలుపు దగ్గర బాణం కుడికి చూపించింది. అమ్మాయి చెయ్యి చాచి చక్రాన్ని ఎడమకు తిప్పింది.

కారు ఎడమకు వెళ్లింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఒక మనిషి తిప్పిన వైపు వెళ్లింది. బేకరీ అరుగు అంచును రాసుకుంటూ, రెండు ట్రేల రొట్టెలు దొర్లించుకుంటూ వెళ్లింది. అధికారి అత్యుత్తమ పద్ధతిలో ఎర్ర మీట నొక్కుతూనే ఉన్నారు. మా ఆవిడ నీళ్ల బకెట్లు ఎత్తిన చేత్తో ఆయన్ని సీటుకు అదిమిపట్టి కాపాడింది. నేను హారను మోగించాను. షెడ్డు గేటు ముందు అమ్మాయి చక్రం వదిలేసింది. దారి తెలియని కారు అక్కడే ఆగిపోయింది. అమ్మాయి తలుపు తీసుకుని దిగి, లోపలికి వెళ్లి, పానా అందుకుంది.

ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వేశారు. జీవితంలో ఒక్కసారైనా తండ్రిలా నిలబడదామని, చక్రం తిప్పింది నేనేనని చెప్పాను. నా పేరు విని ముగ్గురూ నవ్వడం మొదలుపెట్టారు. ఒకరికి మంచినీళ్లు ఇవ్వాల్సి వచ్చింది. చివరికి తీర్పు ఇలా వచ్చింది: స్టీరింగు వల్ల కారు తిరగడం సాంకేతికంగా అసాధ్యం కనుక కారు తిరగలేదు. రొట్టెలు వాటంతట అవే పడ్డాయి. కారు షెడ్డుకు వెళ్లకపోయినా, సదరు యువతి షెడ్డులో కనబడింది కనుక ఆమె మొదటి నుంచీ అక్కడి ఉద్యోగే అయి ఉండాలి. సంస్థ ఉద్యోగికి వారసత్వ సీటు వర్తించదు.

అలా మా అమ్మాయికి కోరుకున్న పని దొరికింది. వైరును మళ్లీ చుట్టచుట్టి కొత్త రబ్బరు బ్యాండు వేశారు. అవార్డు నాకే ఉంచారు. నేను మళ్లీ సీట్లో కూర్చున్నాను. ఇప్పుడు ఇంకా బాగా తిప్పుతున్నాను, భయం లేదు కదా. ఇంట్లో నీళ్ల బకెట్ మాత్రం నేనే ఎత్తుతున్నాను. ఎత్తితే అది లేస్తోంది. ఆ సంతోషం వేరు.

మొన్న ఒకాయన ఎక్కాడు. ఈ కథంతా చెబితే, మీరు నవ్వినట్టే, పొట్ట పట్టుకుని నవ్వాడు. తొమ్మిదేళ్లు కింద ఏముందో చూసుకోలేదా అని అడిగాడు. ఆయన ఓటు వేయడానికి వెళ్తున్నాడు. బడి ముందు ఆపి, వచ్చేదాకా కనిపెట్టుకుని ఉన్నాను. లోపలికి వెళ్లి, తెర చాటున మీట నొక్కి, రొమ్ము విరుచుకుని వచ్చాడు. ఆ మొహం నాకు బాగా తెలుసు. బేకరీ మలుపు దాటిన ప్రతిసారీ అద్దంలో తొమ్మిదేళ్లు చూసుకున్నది దాన్నే.

నేనేమీ అనలేదు. ఆయన అంత బాగా నొక్కి వచ్చాక ఎలా అంటాను? ఇల్లు చేరేదాకా మణికట్లు తిప్పుతూ జాగ్రత్తగా దించాను. దిగేటప్పుడు వంగితే ఆయన జేబులోని పెన్ను జారబోయింది. నేనే చటుక్కున పట్టుకుని, మళ్లీ జేబులో గుచ్చి పంపించాను.

మీ పెన్ను కూడా కాస్త జాగ్రత్తండీ.