మా ఊరి బూడిద తడవకూడదట!

బూడిద పడని ఊళ్ళలో జనం ఎలా బతుకుతున్నారో నాకు అర్థం కాదు. పాపం, గాలి ఎటు వీస్తోందో వాళ్ళకి చెప్పేదెవరు? మాకైతే నాలుక మీదే తెలిసిపోతుంది!

మా కజక్ మైదానానికి థర్మల్ స్టేషన్ చేసిన ఉపకారాలు ఒకటా రెండా? మంచు తెల్లగా పడితే కళ్ళు చెదురుతాయి. మాకా బాధ లేదు. మా ఎర్దెన్ ముచ్చటపడి తెల్లగుర్రం కొన్నాడు. వారం తిరిగేసరికి బూడిదరంగు గుర్రానికి యజమాని అయ్యాడు, మళ్ళీ సంతకు వెళ్ళే పని లేకుండా!

ఇంత వైభోగంలో ఉండి కూడా పక్కింటి కుల్యాష్ అవ్వది ఒకటే గొడవ. మనవరాలికి దగ్గు తగ్గడం లేదట. స్టేషన్ వాళ్ళు బూడిదను నీళ్ళలో కలిపి వదిలే చెరువును ఎండగట్టేశారట, మళ్ళీ నీళ్ళు వదిలితే బూడిద లేవదట. నీళ్ళు పోస్తే దుమ్ము అణుగుతుందని చెప్పడానికి ఈవిడెవరు, శాస్త్రవేత్తా?

అవ్వ పోరు పడలేక స్టేషన్ ఇంజనీరు సాపర్‌బెక్ స్వయంగా ఇంటికొచ్చాడు, చేతిలో నున్నటి ఇటుకతో.

"అవ్వా, ఇది బూడిదతో చేసిందే! ఇటుకలు, సిమెంటు, రోడ్లు, దేనికైనా పనికొస్తుంది. అలాంటిదాన్ని తడిపి పాడు చేసుకుంటామా? అందుకే పొడిగా ఉంచాం."

"ఇటుకల ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టారు బాబూ?"

"ఇంకా పెట్టలేదు. పెడతారు."

"ఎప్పుడు?"

"బూడిద సిద్ధంగా ఉంది కదవ్వా, ఇంకెంతసేపు!"

చూశారా ముందుచూపు! రాబోయే ఫ్యాక్టరీకి సరుకు తక్కువవుతుందేమోనని మా ఊపిరితిత్తుల్లో కూడా కొంత నిల్వ చేయిస్తున్నారు. ఇంత నమ్మకం ఇంకెవరి మీద పెడతారండీ?

గడప తొక్కిన అతిథి ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా వెళ్ళకూడదు. అది మా పద్ధతి. అవ్వ ఇంటి కప్పు మీద ఆరబెట్టిన కుర్తు ఉండలు పళ్ళెంలో తెచ్చింది. ఉప్పు కలిపి చేసిన పెరుగు ఉండలు, తెల్లగా ఉండాల్సినవి. సాపర్‌బెక్ ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వద్దనడానికి తల్లి పెంపకం అడ్డొచ్చింది, తినడానికి ఇంజనీరు చదువు అడ్డొచ్చింది.

"ఇంటికెళ్ళి తింటానవ్వా," అంటూ రుమాల్లో చుట్టుకున్నాడు.

అవ్వకు కోపం రాలేదు. గుమ్మం దాకా సాగనంపి, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు తింటే తిను గానీ నాయనా, మీ పిల్లలకి మాత్రం పెట్టకు. దగ్గు పట్టుకుంటే వదలదు."