చెప్పే అద్దె

గుంటూరులో ఇంటి అద్దెలు రెండు రకాలు: ఇచ్చే అద్దె, చెప్పే అద్దె. ఇచ్చేది ఒకటో తారీఖున ఇంటివాడికి చేరుతుంది. చెప్పేది అంతకుముందే ఊరంతటికీ చేరుతుంది. రెంటిలో ఏది ఖరీదైనదో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నేను లెక్కల మాస్టర్ని.

పని చేసేది ప్రత్తిపాడు హైస్కూల్లో. నా భార్య మహిమ కొరిటెపాడులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలుంటాయి, ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఇల్లు కావాలి. 2002 జూన్‌లో ఒకటి దొరికింది. మూడంతస్తుల అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు, రెండు గదులు, వంటిల్లు. యజమాని బుల్లయ్యగారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం.

"మాకు కులం, మతం పట్టింపుల్లేవండీ" అన్నాడాయన మొదటే. "ఇంతకీ మీరు ఏ చర్చికెళ్తారు?"

చెప్పాను. తల ఊపి, భుజం మీది తువ్వాలు తీసి, నా చెయ్యి పట్టుకుని, రెండు చేతుల మీదా కప్పాడు.

యార్డులో బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలియదు. బుల్లయ్యగారు ముందు నా వేలొకటి నొక్కాడు, అంటే వెయ్యి. తర్వాత అయిదు వేళ్లూ కలిపి నొక్కాడు, అంటే అయిదొందలు.

"పదిహేనొందలా?" అన్నాను.

"హుష్! గోడలు వింటాయి. అది మీకూ నాకూ. బయట మాత్రం రెండున్నర వేలని చెప్పాలి."

"ఎందుకండీ?"

"కింద పోర్షన్ సుబ్బరావమ్మది. అద్దెకిచ్చి, రెండువేల మూడొందలు వస్తోందని ఊరంతా చెప్పుకుంటోంది. ఆవిడ కంటే తక్కువకిచ్చానంటే రేపు యార్డులో నా మాటకి విలువుంటుందా? మీకు వచ్చిన నష్టమేంటి మాస్టారూ? నోటి మాటేగా!"

నష్టమేమీ కనిపించలేదు. పైగా, నిజం చెప్పాలంటే, నా ముఖానికి రెండున్నర వేలు బాగానే నప్పుతాయనిపించింది.

అడ్వాన్సు మూడు నెలలది. నాలుగున్నర వేలు లెక్కపెట్టి ఇవ్వబోతే బుల్లయ్యగారు నొచ్చుకున్నాడు.

"అడ్వాన్సు చెప్పే అద్దె మీద ఇవ్వాలండీ. నలుగురి ముందూ ఇచ్చేది కదా!"

మిగతా మూడు వేల కోసం మహిమ రెండు గాజులూ బ్యాంకులో పెట్టాం. ఏడాది తిరిగేలోగా విడిపిస్తానని మాటిచ్చాను. అద్దె పదిహేనొందలే కాబట్టి నెలకు కొంత మిగులుతుందని కాగితం మీద లెక్క వేసి చూపించాను. లెక్క సరిగ్గానే ఉంది.

పనిమనిషి పిచ్చమ్మ మొదటి రోజే కూలి తేల్చేసింది. "కిందింట్లో నూటయాభై తీసుకుంటున్నానమ్మా. మీరు రెండున్నర వేల అద్దెవోళ్లు. రెండొందలు." వినాయక చవితికి కమిటీవాళ్లు అయిదొందలు రాసి రసీదు చేతిలో పెట్టారు. "మేం చర్చికి వెళ్తామయ్యా" అన్నాను. "రెండున్నర వేలు కట్టేవాళ్లకి మతమేంటండీ!" అన్నారు. చర్చికి వెళ్తే అక్కడ సంఘ పెద్ద జక్రయ్యగారు, "దేవుడు మిమ్మల్ని రెండున్నర వేల ఇంట్లో కూర్చోబెట్టాడు బ్రదర్, చర్చి ప్రహరీగోడ చందా మాట మర్చిపోకండి" అన్నారు. అపార్ట్‌మెంటు మోటారు కాలిపోతే వాటాలు అద్దెల ప్రకారం వేశారు. అందరికంటే ఎక్కువ వాటా నాది!

గాజులు బ్యాంకులోనే ఉన్నాయి. చేతులు కడుక్కునేటప్పుడల్లా మహిమ మణికట్టు చూసుకునేది.

మే నెలలో, సుబ్బరావమ్మగారింట్లో అద్దెకుండే యలమంద మెట్ల మీద నన్ను ఆపాడు. పత్తి మిల్లులో సూపర్‌వైజరు.

"మీ పుణ్యమా అని నా అద్దె రెండున్నర వేలయింది మాస్టారూ. 'పైనాయన ఇస్తున్నాడుగా, నీకేం రోగం?' అంటోంది ఆవిడ."

"రెండువేల మూడొందల నుంచి రెండొందలేగా పెరిగింది?"

యలమంద అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేనిచ్చేది పదమూడొందలండీ! బయట రెండువేల మూడొందలని చెప్పమంది."

"ఒరే యలమందా, నేనిచ్చేది పదిహేనొందలే!"

అతను పగలబడి నవ్వాడు. "ఊరుకోండి మాస్టారూ. డబ్బున్నోళ్లంతా ఇట్టాగే అంటారు."

ఆ సాయంత్రం సంగతి విని మహిమ, "బుల్లయ్యగారు మన అద్దె కూడా పెంచడానికి వచ్చేలోగా ఇంకో ఇల్లు చూడండి" అంది. కొరిటెపాడులో మూడిళ్లు చూశాను. మూడు చోట్లా గుర్తుపట్టారు. "బుల్లయ్యగారింట్లో రెండున్నర వేలిచ్చే మాస్టారు మీరేగా!" అని కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు, రెండువేల ఆరొందలు అడిగారు. నిజం చెప్పాను. కాఫీ గ్లాసు తీసుకెళ్లిపోయారు.

ఒకటో తారీఖున బుల్లయ్యగారు వచ్చాడు.

"కింద యలమంద రెండున్నర వేలిస్తున్నాడు మాస్టారూ. మీది పై పోర్షన్. గాలి ఎక్కువ. ఇంకా పదిహేనొందలంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురికీ రెండున్నర వేలనే తెలుసు కదండీ!"

"నాకు తెలుసుగా పదిహేనొందలని!" ఆయన గొంతు బాధగా ఉంది. "చర్చికెళ్లే మనిషి మీరు. మీ చేత ఎన్నాళ్లు అబద్ధమాడించను? నాకు నిద్ర పట్టడం లేదు. ఈ నెల నుంచి రెండున్నర వేలివ్వండి. ఇక హాయిగా నిజం చెప్పుకోవచ్చు."

మహిమ గుమ్మంలో నిలబడి వింటోంది. నేను ఆమె చేతుల వైపు చూడలేదు. ఆసుపత్రి నాలుగు అడుగుల దూరం. జూన్ పన్నెండున బడి తెరుస్తారు.

బుల్లయ్యగారు తువ్వాలు తీశాడు. నా చెయ్యి ఇచ్చాను. రెండు వేళ్లు నొక్కాడు. తర్వాత అయిదు.

తువ్వాలు భుజాన వేసుకుని, మెట్ల దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, నా చెవి దగ్గర గొంతు తగ్గించాడు.

"బయట మాత్రం మూడున్నర వేలని చెప్పండి. నిన్నటి నుంచి సుబ్బరావమ్మ మూడు వేలంటోంది."

నేను నోరు తెరిచేలోగా దిగిపోయాడు. మెట్లు తుడుస్తున్న పిచ్చమ్మ గుడ్డ పక్కన పెట్టింది.

"ఎంతకు తెగింది బాబూ?"

ఈసారి నిజమే చెప్పాలని నిశ్చయించుకున్నాను. రెండున్నర వేలు. ఇప్పుడది నిజం. పిచ్చమ్మ కూలి పెరగదు, చందాలు పెరగవు, గాజులకు ఇంకో ఏడాది పట్టినా చాలు. నోరు తెరిచాను. పిచ్చమ్మ వెనక, కింది మెట్టు మీద, సుబ్బరావమ్మగారు కూరల సంచీతో ఆగి ఉన్నారు. మెడ కొంచెం ఇటు వంచారు.

"మూడున్నర వేలు" అన్నాను, ఆవిడకు వినపడేలా.

పిచ్చమ్మకీ వినపడింది.