బలరాం సగం చావు

మా తాతలు చెరుకు పనికి ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, ఆ ఉదయం సబేటో కొండల మీద ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. మధ్యలో వేలాడుతోంది. నా స్నేహితుడు బలరాం పరిస్థితీ అదే. అయినా నేను చెప్పేది వినండి: ప్రతి మనిషికీ జీవితంలో ఒక్కసారైనా సగం చావు తప్పనిసరి చెయ్యాలి!

నవ్వకండి. లాభాలు చూడండి.

చెరుకు కొడుతూ కొడుతూ పొలంలో పడిపోయాడు బలరాం. ఆసుపత్రిలో ఆరు నిమిషాలు గుండె ఆగింది. డాక్టర్లు గుద్ది గుద్ది మళ్ళీ నడిపించారు. కళ్ళు తెరిచి ఏం చెప్పాడో తెలుసా? పెద్ద వెలుగట. చెరుకు తోటట. గట్టు మీద వాళ్ళమ్మ నిలబడి "రా" అందట.

అంతే! అరవై ఏళ్ళు బతికుంటే ఎవరికీ పట్టని బలరాం, ఆరు నిమిషాలు పోయేసరికి పెద్దమనిషైపోయాడు. పదకొండేళ్ళుగా పలకని తమ్ముడు పక్క దీవిలోని సావుసావు నుంచి పడవెక్కి, బస్సెక్కి వచ్చి, పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్ళాడు. మూడేళ్ళ కిందట పట్టుకెళ్ళిన మందు కొట్టే పంపుని పక్కింటాయన తనంతట తనే తెచ్చిచ్చాడు. పైన ఎవరైనా అడుగుతారని భయం కాబోలు! టూరిస్టుల్ని తిప్పే వ్యాను డ్రైవరు వాళ్ళకి చూపించడానికి బలరాం ఇంటి ముందు ఆగి హారన్ కొడుతున్నాడు.

యంగోనా వేరు దంచి కలిపిన మత్తునీళ్ళ గిన్నె చుట్టూ చేరి తాగేవాళ్ళకీ ఇదే చర్చ. అక్కడ చెరుకు ఎవరు కొడతారు? మిల్లుకి తోలే లారీ టైముకి వస్తుందా? లారీ కనబడలేదన్నాడు బలరాం.

"లారీ రాలేదా? అయితే అది స్వర్గం కాదు, సబేటోయే!" అన్నాడొకడు.

లౌటోకా పట్నం నుంచి తెలుగు సంఘం కార్యదర్శి జగన్నాథం గారు శాలువాతో వచ్చారు. మాతృభాష గొప్పదనం గురించి ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడారు. పరలోకంలో తెలుగు వాడుకలో ఉందని తేలినందుకు సంఘం తరఫున హర్షం ప్రకటించారు. ఇక ఇక్కడ లేకపోతే మాత్రం ఏం?

ఒక్కటే చిక్కు. బలరాం తిండి మానేశాడు.

"అమ్మ రమ్మంది. ఇంక నాటడం ఎందుకు, తినడం ఎందుకు?" అని హిందీలో చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అందరూ తలలూపారు. తల్లి పిలుపు కదా! పక్కింటాయన చావు పందిరికి వెదురు కూడా కొట్టి పెట్టాడు.

నాలుగో రోజు వాడి భార్య ప్రేమ్‌వతి మా గేటు దగ్గరికి వచ్చింది.

"భయ్యా, మీరు బళ్ళో తెలుగు చదివారంట కదా. ఒకసారి వచ్చి చెప్పండి. నా మాట వినడం లేదు."

వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మీ అమ్మ ఏమందిరా? సరిగ్గా చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలి భయ్యా? రా అంది."

"అంతేనా?"

"ముందు ఇంకేదో ఉంది. ఎల్లి... ఎల్లిరా. ఎల్లి అంటే నాకేం తెలుసు? రా అంటే తెలుసు. ఆవో."

వాళ్ళమ్మ పోయినప్పుడు వాడికి ఐదేళ్ళు. ఆమెతోనే ఆ ఇంట్లో తెలుగూ పోయింది. ఒక్క అక్షరం మిగిలింది. ఆ అక్షరం పట్టుకుని మనిషి చావబోతున్నాడు!

"ఒరే పిచ్చివాడా, బయల్దేరేవాణ్ణి మనవాళ్ళు పో అనరు. అనకూడదు. ఎల్లిరా అంటారు. నిన్ను ఇంటికి పంపించిందిరా మీ అమ్మ!"

లేచి కూర్చున్నాడు. "మరి రా ఎందుకంది?"

"తరవాత ఎప్పుడైనా రమ్మని. తొందర లేదని."

"మా అత్త తెలివైందే," అంది ప్రేమ్‌వతి కళ్ళు తుడుచుకుంటూ. "ఈయన్ని ఆరు నిమిషాలకంటే భరించలేకపోయింది."

కాబట్టి అయ్యలారా, సగం చావుతో ప్రమాదం లేదు. సగం భాషతోనే. సంఘాన్ని అంటున్నాననుకోకండి. నాకు నలుగురు పిల్లలు. నేను పోయాక ఆ గట్టు మీద నిలబడి ఎల్లిరా అంటే, నలుగురూ బుద్ధిగా నా వెనకే వచ్చేస్తారు! నేర్పలేదు. టైము లేక కాదు. నేను ఇంట్లో ఎక్కువ మాట్లాడను.

ప్రేమ్‌వతి అన్నం, పప్పు, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు కూర తెచ్చి చాప మీద పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. బలరాం మొదటి ముద్ద కలుపుతుంటే ఆమె వాడి చెయ్యినే చూస్తోంది. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.