ఇరవై కేజీల రాడ్డు, పదిహేను కేజీల తీర్మానం

ఆటను కళ్ళారా చూసినవాడు జర్నలిస్టు కాడు. ఈ ముక్క మింగుడుపడనివాళ్ళు ఇక్కడితో పేజీ తిప్పేసుకోవచ్చు.

చూడటంలో ఏం గొప్పుంది? టిక్కెట్టు కొన్న ప్రతివాడూ చూస్తాడు. గోడెక్కి కూర్చున్నవాడూ చూస్తాడు. చూడకుండా రాయడం, అదీ వృత్తి! దానికి అనుభవం కావాలి. మెడలో కార్డు కావాలి. ఈ ఆన్‌లైన్ ఆటల రాతగాళ్ళకి ఏముంది? ఒక ఫోను, ఎండలో నిలబడే ఓపిక. వీళ్ళని కూడా జర్నలిస్టులంటే అసలు జర్నలిస్టులు ఏమైపోవాలి?

విజయనగరంలో దేవేంద్ర కొన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఇదే.

దేవేంద్ర ఒక దినపత్రికకి పద్నాలుగేళ్ళుగా ఆటల విలేకరి. మైదానం మొహం చూసి ఎరగడు. వెళ్తే దుమ్ము. మైదానమే ఆయన దగ్గరికి వస్తుంది, ప్రెస్ నోట్ రూపంలో. పోటీ ఆదివారమైతే నోట్ శనివారమే వచ్చేస్తుంది. ముఖ్య అతిథి ఏం మాట్లాడబోతాడో, ఆ మాటలకి క్రీడాకారులు ఎంత ఉత్సాహపడబోతారో, అంతా అందులోనే ఉంటుంది. ఓసారి కబడ్డీ పోటీలు వానకి రద్దయిపోయాయి. దేవేంద్ర వార్తలో మాత్రం హోరాహోరీగా జరిగాయి. ఆ వార్తలో ఓడిపోయిన జట్టు కెప్టెన్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. వానని కూడా ఓడించగల వృత్తి ఇంకేదైనా ఉంటే చెప్పండి.

ఇక ధనరాజు సంగతి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఆదివారం షాపు మూసేసి, ఎక్కడ ఆట ఉంటే అక్కడికి స్కూటర్ మీద పోతాడు. శ్రీకూర్మంలో వాలీబాల్ అంటే శ్రీకూర్మం, పాతపట్నంలో కబడ్డీ అంటే పాతపట్నం. చూసింది చూసినట్టు నెట్‌లో తన పేజీలో రాస్తాడు. ఆడినవాళ్ళ పేర్లు రాస్తాడు. ఉపన్యాసాలు రాయడు. ఇలాంటివాళ్ళు పదిమంది తయారైతే ముఖ్య అతిథుల బతుకేం కావాలి? పూలదండలు అమ్ముకునేవాళ్ళు ఏమైపోవాలి? ఎవరైనా ఆలోచించారా?

ఆలోచించాల్సిన రోజు 2015 ఆగస్టులో వచ్చింది.

ఆ ఆదివారం కళింగ బరువుల సంఘంవాళ్ళు రాష్ట్ర వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకి ఆడపిల్లల జట్టును ఎంపిక చేశారు. ఒక్కో బరువు తరగతికి ఒక్కరికే చోటు. ఒక తరగతిలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకమ్మాయి పాతపట్నం రాజకుమారి, రైతుబిడ్డ. రెండో అమ్మాయి గౌరి, సముద్రం ఒడ్డున ముక్కాం ఊరిది. గౌరి తల్లి దానమ్మ ఒడ్డున చేపలు కొని, ఆటోలో విజయనగరం తెచ్చి వీధి వీధీ తిరిగి అమ్ముతుంది.

రాజకుమారి డెబ్బై రెండు కేజీలు ఎత్తేసింది. తర్వాత గౌరి వంతు, అదే డెబ్బై రెండు, అదే ఆఖరి అవకాశం. సరిగ్గా అప్పుడే, ప్లేట్లతో పాటు తిరగాల్సిన రాడ్డు కొస బిగుసుకుపోయింది, తిరగలేదు. పక్కనున్న ఇంకో రాడ్డు తెచ్చి, ఆ ప్లేట్లే దీనికి తగిలించి, కానియ్ అన్నారు.

తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆడవాళ్ళు ఎత్తే రాడ్డు పదిహేను కేజీలు, మగవాళ్ళది ఇరవై. తెచ్చింది మగవాళ్ళది. బోర్డు మీద అంకె మాత్రం ఎవరూ మార్చలేదు. బోర్డు మీద డెబ్బై రెండు, గౌరి నెత్తి మీద డెబ్బై ఏడు.

ఎత్తింది. దింపాక, బొటనవేళ్ళకి చుట్టిన తెల్ల టేపు సర్దుకుని, అరచేతులు చూసుకుంటూ తల్లి దగ్గరికి వచ్చింది.

"ఏటమ్మా, ఈయేళ ఇంత బరువున్నాది?"

"పొద్దున్న సద్దన్నం తినమంటే తిన్నావా? అందికే," అంది దానమ్మ.

స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపులో నెత్తి మీదికి ఎత్తేదాంట్లో, ఇద్దరూ ముందే సమానం. ఇప్పుడు ఇక్కడా సమానం. సమానమైతే ఒళ్ళు తేలికైనవాళ్ళది గెలుపు, అప్పటి నియమం అది. ఇద్దరినీ తూకం మిషన్ ఎక్కించినప్పుడు రాజకుమారి రెండొందల గ్రాములు తక్కువ తూగింది. కాబట్టి రాజకుమారి జట్టులోకి, గౌరి ఇంటికి. పేర్లు పంపడానికి శుక్రవారం సాయంత్రం దాకా గడువు.

అందరూ భోజనాలకి లేచారు. ధనరాజు లేవలేదు. ఒకప్పుడు బరువులెత్తి భుజం జారగొట్టుకున్న మనిషి, రాడ్డు మందం చూడగానే పట్టేశాడు. రెండు రాడ్లూ పక్కపక్కన పెట్టి ఫొటో తీశాడు. ఒకటి ఇంచుమించు జానెడు పొడవు ఎక్కువుంది. సాయంత్రానికి పేజీలో పెట్టేశాడు: గౌరి ఎత్తింది డెబ్బై ఏడు, జట్టులో ఉండాల్సింది గౌరి.

మర్నాడు పేపర్లో దేవేంద్ర వార్త వచ్చింది. ముఖ్య అతిథి పేరు నాలుగుసార్లు వచ్చింది. గౌరి పేరు లేదు. రాజకుమారి పేరూ లేదు, నోట్ రాసే వేళకి ఎవరు గెలుస్తారో వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది?

దానమ్మ ధనరాజు ఫోను పట్టుకుని సంఘం కార్యదర్శి జగన్నాధం దగ్గరికి వెళ్ళింది.

"ఇదేటి?" అన్నాడు జగన్నాధం.

"నెట్టు బావూ. దన్రాజు రాసినాడు."

"నెట్టులో మా మేనత్త కూడా రాస్తాది. పేపర్లో వచ్చిందా?"

"రానేదు బావూ."

"రానేదు కదా. మరింకేటి, జరగనట్టే."

అయితే నెట్‌లో ఆ ఫొటో చాలామంది చూసేశారు. ఊరంతా అదే మాట. దాంతో జగన్నాధం ముగ్గురితో విచారణ కమిటీ వేశాడు. ఒకడు తానే, రెండో ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు దాలయ్య, మూడో ఆయన పత్రికల తరఫున దేవేంద్ర.

కమిటీ రాడ్డు బరువు తేల్చడానికి కూర్చుందని మీరనుకుంటారు. ఆ మాత్రం దానికి కమిటీ ఎందుకు? కమిటీ తేల్చాల్సింది ధనరాజు జర్నలిస్టా కాదా అని. జర్నలిస్టు కాకపోతే రాసింది వార్త కాదు. వార్త కాకపోతే తప్పు జరగలేదు. తప్పు జరగకపోతే రాడ్డు పదిహేనే. ఎంత చక్కని దారో చూడండి, ఎక్కడా ఎవరూ ఏదీ ఎత్తక్కర్లేదు!

బుధవారం ధనరాజుని పోటీ జరిగిన హాల్లోకే పిలిపించారు. ప్రశ్నలు దేవేంద్రే అడిగాడు.

"కార్డుందా?"

"నేదు సార్."

"ఎడిటరెవరు?"

"నాకు నానే."

"ప్రెస్ నోట్లు ఎవరిస్తారు?"

"నాకెవులిస్తారు సార్."

"మరెలా రాస్తన్నావు?"

"ఎల్లి సూస్తాను."

దాలయ్య మాస్టారు జాలిపడ్డాడు. "ఒరే నాయనా, సూసినోడు సాక్షి అవతాడు గానీ జర్నలిస్టెలాగవతాడురా."

"నానేటైనా పర్లేదు సార్. రాడ్డు తూసీండి. మిషనక్కడే ఉన్నాది," అన్నాడు ధనరాజు.

నిజమే, మిషన్ అక్కడే ఉంది. ఇద్దరాడపిల్లల మధ్య రెండొందల గ్రాములు పట్టేసిన మిషన్. జగన్నాధం దానికేసి ఓసారి చూశాడు.

"అది మనుసులికి," అన్నాడు.

ఈలోగా దానమ్మ గౌరిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. చేతిలో కొక్కెం కాటా, చేపల గంపలు తగిలించి తూచేది. ఎవరినీ అడగలేదు. గౌరీ తనూ కలిసి రాడ్డుకి తాడు కట్టి కాటాకి వేలాడదీశారు. ముల్లు ఇరవై దగ్గర ఆగింది.

ముగ్గురూ చూశారు. దేవేంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇరవయ్యే.

"ఇది సేపల కాటా. రాడ్డు సేప కాదు గదమ్మా," అన్నాడు జగన్నాధం.

"కేజీ ఆ కేజీయే కదా బావూ? నేకపోతే రాడ్డుకి యేరే కేజీ ఉన్నాదా?"

"నీకేటి తెలుస్తాది. సర్టిఫికెట్టున్నోడు తూస్తే బరువు. నువ్వు తూస్తే ఉత్తినే యేలాడదీసినట్టు."

కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ధనరాజు జర్నలిస్టు కాడు, దానమ్మ తూనికల అధికారి కాదు, కనుక రాడ్డు పదిహేను కేజీలు. తీర్మానం దేవేంద్ర చేతిరాత. చక్కని దస్తూరి.

తర్వాత గ్రూపు ఫొటో. రాడ్డు కాళ్ళకి అడ్డంగా ఉంది.

"ఒరే బావా, కాస్త పక్కకి పెట్టీరా దాన్ని. పదేను కేజీలే కదా," అన్నాడు జగన్నాధం దేవేంద్రతో.

దేవేంద్ర పదిహేనుకి వంగాడు. రాడ్డు ఇరవైగా లేచింది. సగంలో ఆయన నడుం దగ్గర ఏదో టప్పుమంది. ధనరాజే పట్టుకుని స్కూటర్ మీద సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాడు. జర్నలిస్టు కానివాడు అంతకంటే ఏం చేయగలడు?

"ఏమెత్తారు?" అని అడిగింది డాక్టరు పద్మకుమారి.

"రాడ్డమ్మా... అబ్బా."

"ఎంతుంటుంది?"

బోర్లా పడుకున్న మనిషికి తీర్మానాలు గుర్తుండవు. "ఇరవై," అన్నాడు.

ఆమె ఇరవై అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చింది. సెలవు కావాలంటే పేపరు డెస్క్‌కి డాక్టరు చీటీ చూపించాలి. నోటిమాట నమ్మరు, వాళ్ళు పత్రికలవాళ్ళు మరి. ఇలా దేవేంద్ర పద్నాలుగేళ్ళ వృత్తిలో మొట్టమొదటిసారి ఒక వార్తను స్వయంగా సేకరించాడు. నడుంతో సేకరించాడు.

శుక్రవారం పొద్దున్న దానమ్మ చేపల గంపతో ఆ వీధిలోకి వచ్చింది. దేవేంద్ర భార్య కుసుమకుమారి రోజూ కొనేది ఆమె దగ్గరే. గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉంది.

"సూసినావా దానమ్మా, మా మనిసి ఇరవై కేజీలెత్తీసినాడంట. ఇంట్లో గాస్ బండ జరపమంటే జరపడు."

దానమ్మ గంప దించింది. "ఎన్నమ్మా?"

"ఇరవై. ఇదిగో, డాక్టరమ్మ రాసిచ్చింది."

"మల్లొక్కపాలి సదువమ్మా."

కుసుమకుమారి చదివింది. ఇరవై కేజీల ఇనుప రాడ్డు ఎత్తడం వల్ల నడుం పట్టివేత. కింద సర్కారు ముద్ర.

"అమ్మా, నీకు దండమెడతాను. ఈ సీటీ ఓ గంటసేపు నాకియ్యు."

లోపల మంచం మీంచి దేవేంద్ర గొంతు వచ్చింది. "ఇయ్యకు! ఒసే, ఇయ్యకే!"

"అలాగే. మంచం మీంచి నెగిసొచ్చి నువ్వే అట్టుకో," అని కుసుమకుమారి చీటీ దానమ్మ చేతిలో పెట్టింది.

గంప ఆ గుమ్మంలోనే వదిలేసి దానమ్మ ఆటో ఎక్కింది. జగన్నాధం ఆ చీటీ ముందు నుంచీ వెనక నుంచీ చదివాడు. ముద్ర మీద వేలు రాసి చూశాడు, చెరగలేదు. ఇది నెట్ కాదు, చేపల కాటా కాదు. రాడ్డు పదిహేనే అంటే డాక్టరమ్మ రాసింది అబద్ధమవుతుంది, కమిటీ సభ్యుడి సెలవు దొంగ సెలవవుతుంది. రాడ్డు ఇరవై అంటే ఒక్క ఆడపిల్ల డెబ్బై ఏడు ఎత్తినట్టవుతుంది, అంతే. రెంటిలో నష్టం తక్కువున్నది ఎంచుకున్నాడు. సాయంత్రం నాలుగున్నరకి జట్టు కాగితంలో రాజకుమారి పేరు కొట్టేసి గౌరి పేరు రాశాడు.

రాజకుమారి గొడవ చెయ్యలేదు. ఫోన్ చేసిన ధనరాజుతో, "ఆ దినమే అనుకున్నాను అన్నా. అది ఎత్తినప్పుడు రాడ్డు వంగనేదు. మా ఆడోల రాడ్డు సన్నం, వంగతాది," అంది. ఆమె దగ్గరా కార్డు లేదు, కాబట్టి ఆ మాటని ఎవరూ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

మర్నాటి పేపరు చూసి వృత్తి అంటే ఏమిటో నేర్చుకోవాలి. "సంఘం అప్రమత్తత: క్షణాల్లో తప్పిదం సవరణ." ప్రెస్ నోట్ ఇచ్చింది జగన్నాధం, వార్త పంపింది మంచం మీద బోర్లా పడుకున్న దేవేంద్ర. తప్పును కనిపెట్టింది కార్యదర్శి. ఆయనకి అండగా నిలిచింది కమిటీ. ధనరాజు పేరు ఎలాగూ ఉండదు. నోట్‌లో లేదు కాబట్టి గౌరి పేరూ లేదు, "ఒక క్రీడాకారిణి" అని ఉంది.

పైన, శుక్రవారం సాయంత్రం తీసిన ఫొటో. జగన్నాధం, దాలయ్య మాస్టారు, ఇంకో నలుగురు పెద్దమనుషులు రాడ్డు మీద తలో చెయ్యీ వేసి నవ్వుతున్నారు. గౌరి కుడి కొసన నిలబడింది. వాళ్ళందరూ నవ్వే పనిలో ఉన్నంతసేపూ రాడ్డు మోసింది తనే. రెండు కాలమ్‌ల వెడల్పు చాలక డెస్క్‌వాళ్ళు ఫొటోని ఆ కుడి కొస దగ్గర కోసేశారు. గౌరిది మణికట్టు దాకా ఒక చెయ్యి మిగిలింది. పూర్తి ఫొటో, పేరు, డెబ్బై ఏడనే అంకె ధనరాజు పేజీలో ఉన్నాయి. కానీ అతను జర్నలిస్టు కాడు. ఆ తీర్మానాన్ని ఇప్పటికీ ఎవరూ రద్దు చెయ్యలేదు.

దానమ్మ ఆ పేపరు చేపల బజారుకి తీసుకుపోయింది. పక్కన గంప పెట్టుకు కూర్చున్న చిన్నతల్లి మొగమంతా దగ్గరపెట్టి వెతికింది.

"ఏదే నీ కూతురు? అందరూ మగోలే అగుపడతన్నారు."

దానమ్మ తడివేలు ఫొటో కొస మీద పెట్టింది. అక్కడ ఒక బొటనవేలు, దాని చుట్టూ తెల్ల టేపు.

"ఇదిగో, ఈ సెయ్యి మా గుంటదే," అంది. "మిగతావోలెవులో నాకు తెల్దు."