రెయిలింగ్ లేని మెట్ల మహిమ

కొత్తగా పెళ్లయినవాళ్లకు నాదొక సలహా. రెయిలింగ్ లేని మెట్లున్న ఇంట్లోనే కాపురం పెట్టండి!

మేం అలాగే పెట్టాం. మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. మెట్లకు ఒకవైపు గోడ, రెండో వైపు గాలి. "ఓపెన్ లుక్ మేడమ్, యూత్ కోసం కట్టిన బిల్డింగ్" అని బిల్డరుగారు సెలవిచ్చారు. ఆ మాటకి మురిసిపోయి నేనూ మా ఆయనా చేతులు పట్టుకున్నాం. ఇప్పటికీ వదల్లేదు. వదిలితే పడతాం!

బాత్రూమ్ టైల్స్ సంగతి చెప్పనా? అద్దమే! కాస్త తడిగా ఉంటే చాలు, తువ్వాలు భుజాన వేసుకుని "వెళ్లొస్తాను" అంటారు మా ఆయన, యుద్ధానికి బయల్దేరిన వీరుడిలా. అలాంటి వీడ్కోలు ఎంతమంది భార్యలకు రోజూ దక్కుతుంది?

వీధి చివర సిగ్నల్ కూడా మా పక్షమే. నడిచేవాళ్లకు పచ్చదీపం వెలిగిందని గమనించేలోగా ఎర్రబడుతుంది. సగం రోడ్డు నడక, మిగతా సగం పరుగు. ఇక జిమ్ ఎందుకు? బస్టాపులో బెంచీ పీకేసి ప్రకటన బోర్డు పెట్టారు. నిలబడి భుజాన తల వాల్చడంలో ఉన్న హాయి కూర్చుంటే వస్తుందా?

ఇంత సుఖంలో ఒకే ఒక్క లోటు. మా ఆయనను పెంచిన నానమ్మగారు మా ఇల్లు చూడాలని ముచ్చటపడి వచ్చారు. గోడ పట్టుకుని రెండో అంతస్తు దాకా ఎక్కి, మలుపులో మెట్టు మీద కూలబడ్డారు. ఎత్తుకెళతానన్నారు మా ఆయన. ఆవిడ గాలివైపు ఒకసారి తొంగిచూసి, "వద్దురా, ఇద్దరం కలిసి కిందికే వెళతాం" అన్నారు.

సరే, ఇల్లే ఆవిడ దగ్గరికి వెళ్లింది! టీ, దిండు, పెళ్లి ఆల్బమ్ కిందికి మోశాం. నేను పైకెళ్లి వీడియో కాల్‌లో వంటగది చూపించాను, పడకగది చూపించాను, బాల్కనీ చూపించాను.

"ఎవరికే అమ్మాయ్, ఆ ఊగే కుర్చీ?"

ఆవిడకే. ఆవిడ వస్తారనే కొన్నాం. మాట సరిగ్గా వినబడటం లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ పూటే బిల్డరుగారిని పిలిపించాను. మొదటి అంతస్తు దాటగానే ఆయన మోకాలు పట్టుకున్నారు. రొప్పుతూ నానమ్మగారు కూర్చున్న మలుపు దాకా వచ్చి, మిగతాది ఫోన్లో చూపించెయ్యమన్నారు. ఊతానికి ఏదైనా దొరుకుతుందేమోనని గాలివైపు చెయ్యి చాచి వెతికారు. ఏం దొరుకుతుంది? ఓపెన్ లుక్!

నానమ్మగారు దిండు పక్కకు లాగి చోటిచ్చారు.

"కూర్చో నాయనా. ఇక్కడిదాకా బాగానే కట్టావు."